జపాన్ దాకా వెళ్ళి చదువు చూసొచ్చిన నాజిమ్ సాహెబ్: సర్ రాస్ మసూద్

తార్నాకా చౌరస్తా నుంచి ఉస్మానియా క్యాంపస్ లోపలికి నడిస్తే దారిలో ఎన్ని దేశాల పిల్లలు కనపడతారో లెక్కపెట్టలేం. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు, అరబ్ దేశాలవాళ్ళు, అఫ్ఘానిస్తాన్ వాళ్ళు. పక్కనే ఉన్న ఇఫ్లూలో ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు మరికొందరు. ఇటు మన పిల్లలేమో అమెరికాకి, జర్మనీకి, ఎంబీబీఎస్ కోసం కిర్గిజ్‌స్తాన్‌కి, బంగ్లాదేశ్‌కి వెళ్తున్నారు. ఇల్లు తాకట్టు పెట్టి ఫీజు కట్టే తల్లిదండ్రులు మన బస్తీల్లో చాలామంది ఉన్నారు.

చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టడం ఈనాటి ముచ్చట కాదు. 1869లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అదే చేశారు. కొడుకు సయ్యద్ మహమూద్‌కి ఇంగ్లండ్‌లో చదవడానికి సర్కారు వజీఫా వచ్చింది. తండ్రి తనూ వెంట వెళ్ళి అక్కడి చదువులు కళ్ళారా చూడాలనుకున్నారు. ఇల్లు తాకట్టు పెట్టారు, పుస్తకాలు అమ్ముకున్నారు, ఓడెక్కారు. కేంబ్రిడ్జిని చూసొచ్చాక 1875లో అలీగఢ్‌లో మదర్సా మొదలుపెట్టారు. అదే ఎం.ఏ.ఓ. కాలేజీ అయింది, తర్వాత అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ అయింది. ఆ మహమూద్ కొడుకే మనం చెప్పుకోబోయే సయ్యద్ రాస్ మసూద్. అలీగఢ్ వాళ్ళు ఆయన్ని తమ వైస్ చాన్స్‌లర్‌గా గుర్తుపెట్టుకుంటారు. ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్ళకి ఒక నవలాకారుడి దోస్తుగా తెలుసు. మన హైదరాబాద్‌లో ఆయన పన్నెండేళ్ళు పనిచేశారన్న సంగతి మాత్రం తెలిసినవాళ్ళు తక్కువ.

మసూద్ 1889 ఫిబ్రవరి 15న పుట్టారు. దాదాకి మనవడంటే ప్రాణం. పిల్లాడి బిస్మిల్లా వేడుకని సర్ సయ్యద్ ఇంట్లో విందులు పెట్టి చేయలేదు. ఎడ్యుకేషనల్ కాన్ఫరెన్స్ సభలో, దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళ ముందు చేయించారు. పిల్లాడు కూర్చున్నది దాదా పాత మిత్రుడు రాజా జైకిషన్ దాస్ ఒడిలో. విందుకి అయ్యే డబ్బు కాలేజీకి ఇచ్చేశారు. ఇప్పటి మన శాదీఖానాల ఖర్చులు చూస్తుంటే ఈ సంగతి గుర్తుకొస్తూ ఉంటుంది.

పైకి చూస్తే గొప్ప ఖాందాన్. లోపల మాత్రం ఆ పిల్లాడి బాల్యం అంత సుఖంగా లేదు. తండ్రి మహమూద్ అలహాబాద్ హైకోర్టులో జడ్జీ అయిన మొదటి ముస్లిం. ఆయన తీర్పులు లాయర్లు ఇప్పటికీ చదువుతారు. 1881లో కొన్నాళ్ళు నిజాం సర్కారు కొలువులో హైదరాబాద్‌లో కూడా ఉన్నారు. అంతటి మేధావిని మద్యం దెబ్బతీసింది. తోటి జడ్జీలతో గొడవలు ముదిరి 1893లో కొలువు వదిలేశారు. చివరి రోజుల్లో తండ్రీకొడుకులకి కూడా పడలేదు. 1898లో దాదా పోయేనాటికి మసూద్ వయసు తొమ్మిదేళ్ళు. 1903లో తండ్రి కూడా పోయారు.

ఆ పిల్లాణ్ణి సాకింది ఎం.ఏ.ఓ. కాలేజీ ప్రిన్సిపాల్ థియొడోర్ మారిసన్ కుటుంబం. వాళ్ళు ఇంగ్లండ్ తిరిగి వెళ్ళాక మసూద్‌ని కూడా అక్కడికే పిలిపించుకున్నారు. 1906లో, పదిహేడేళ్ళ వయసులో, మసూద్ లండన్ దగ్గర వేబ్రిడ్జ్ అనే ఊళ్ళో దిగారు. ఆక్స్‌ఫర్డ్‌లో చేరాలంటే లాటిన్ రావాలి. లాటిన్ చెప్పడానికి అదే ఊళ్ళో ఉండే ఇరవై ఏడేళ్ళ కుర్ర రచయితని పెట్టారు. ఆయన పేరు ఇ.ఎం. ఫార్‌స్టర్.

పాఠం సరిగ్గా సాగలేదు. మసూద్ ఆరడుగులకి పైన ఎత్తు, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. విసుగొస్తే మాస్టారిని ఎత్తి పడేసి చక్కిలిగింతలు పెట్టేవాడట. బిడియస్తుడైన ఆ ఇంగ్లీషు మాస్టారికి ఇట్లాంటి మనిషి తగలడం అదే మొదలు. లాటిన్ ఎంత వచ్చిందో గానీ, దోస్తీ మాత్రం బతికున్నంత కాలం నిలిచింది. హిందుస్తాన్ అంటే ఫార్‌స్టర్‌కి అంతవరకూ పటం మీద ఒక రంగు. ఆయనకి ఆ దేశాన్ని మనుషుల రూపంలో చూపించింది ఈ శిష్యుడే. 1912లో ఆయన మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు అలీగఢ్‌లోనూ, బాంకీపూర్‌లోనూ మసూద్ మనుషుల మధ్యే గడిపారు. 1921లో మళ్ళీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో మసూద్ ఇంట మెహమాన్‌గా ఉన్నారు. 1924లో వచ్చిన ఎ పాసేజ్ టు ఇండియా నవలని మసూద్‌కే, తమ పదిహేడేళ్ళ స్నేహానికే అంకితమిచ్చారు. అందులోని డాక్టర్ అజీజ్‌లో మసూద్ ఛాయలున్నాయని చాలామంది అంటారు. విదేశీ చదువు అంటే మనం డిగ్రీనే లెక్కపెడతాం. డిగ్రీతోపాటు మసూద్ తెచ్చుకున్నది ఈ దోస్తీ. రెండిట్లో ఏది ఎక్కువ కాలం నిలిచిందో చూస్తే తెలిసిపోతోంది కదా.

ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీలో చరిత్ర చదివారు. బారిస్టర్ కూడా అయ్యారు. తిరిగొచ్చి పట్నా దగ్గర కొన్నాళ్ళు వకాల్తా చేశారు గానీ మనసు నిలవలేదు. విద్యాశాఖలోకి మారారు. పట్నాలో హైస్కూల్ హెడ్మాస్టర్, కటక్ రావెన్‌షా కాలేజీలో చరిత్ర ప్రొఫెసర్. ఇంకా ముప్ఫై ఏళ్ళు నిండకుండానే, 1916లో, నిజాం సర్కారు ఆయన్ని నాజిమె తాలీమాత్‌గా, అంటే రాజ్యం మొత్తానికి విద్యాశాఖ డైరెక్టర్‌గా పిలిపించుకుంది. తర్వాత మసూద్ జంగ్ అనే ఖితాబు కూడా ఇచ్చింది.

ఆయన వచ్చిన సమయం మామూలుది కాదు. అక్బర్ హైదరీ సాహెబ్ అర్జీ మీద ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917 ఏప్రిల్ 26న ఫర్మానా ఇచ్చారు. హైదరాబాద్‌లో కొత్త యూనివర్సిటీ రావాలి, అందులో చదువు ఉర్దూలో ఉండాలి, ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలి అన్నది ఏర్పాటు. దేశంలో అప్పటికున్న యూనివర్సిటీలన్నీ ఇంగ్లీషులో చెబుతున్న రోజులవి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, డాక్టరీ, ఇంజనీరింగ్ ఉర్దూలో చెప్పడం సాధ్యమా? పుస్తకాలేవి? మాటలేవి? అందుకే ముందు దారుత్తర్జుమా పుట్టింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని మొదటి నాజిమ్. 1919 ఆగస్టు 28న క్లాసులు మొదలయ్యాయి. ఇప్పుడు మనం చూసే రాతి కట్టడాలేవీ అప్పటికి లేవు. నగరం నడిబొడ్డున అద్దె ఇంట్లో, 225 మంది విద్యార్థులు, 25 మంది పంతుళ్ళతో నడిచింది. తార్నాకా, అడిక్‌మెట్ వైపంతా అప్పటికి తోటలూ బండరాళ్ళూ.

ఉర్దూలో చదివిన డిగ్రీని బయట ఎవరైనా లెక్కచేస్తారా అన్న అనుమానం ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఈ రోజు ఏదో దేశంలో మెడిసిన్ చదవబోయే పిల్లాడి తండ్రి, ఆ డిగ్రీ ఇక్కడ చెల్లుతుందా అని కన్సల్టెన్సీవాణ్ణి అడిగినట్టే. ఆ అనుమానానికి జవాబు వెతకడానికి మసూద్ సాహెబ్ 1922లో జపాన్ వెళ్ళారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆయన ఆక్స్‌ఫర్డ్ మనిషి. ఆయన తండ్రి కేంబ్రిడ్జి మనిషి. ఆ ఖాందాన్‌లో చదువంటే ఇంగ్లండే. అలాంటిది, హైదరాబాద్ బడులకి నమూనా కోసం వెతికేటప్పుడు ఆయన పడమరకి కాకుండా తూర్పుకి ఓడెక్కారు. కారణం ఉంది. 1905లో జపాన్ రష్యాని ఓడించింది. ఆసియా దేశమొకటి యూరప్ దేశాన్ని గెలవడం చూసి మన దగ్గర స్కూలు పిల్లల దాకా అందరూ ఆశ్చర్యపోయారు. ఎలా గెలిచారు అంటే అందరూ తుపాకుల మాటే చెప్పారు. మసూద్ మాత్రం బడుల వైపు చూశారు.

జపాన్ కథ మన తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిందే. 1871లో ఇవాకురా అనే పెద్ద మంత్రి నాయకత్వంలో ఒక బృందం అమెరికా, యూరప్ బయల్దేరింది. వెంట కొన్ని పదుల మంది విద్యార్థులున్నారు. వాళ్ళలో ఐదుగురు ఆడపిల్లలు. అందరిలోకీ చిన్నది త్సుదా ఉమెకో, ఏడేళ్ళు కూడా నిండలేదు. ఆ పిల్ల పదేళ్ళకి పైగా అమెరికాలో పెరిగి, తిరిగొచ్చేసరికి సొంత భాషే మర్చిపోయింది. మళ్ళీ నేర్చుకుంది. 1900లో ఆడపిల్లల కోసం టోక్యోలో కాలేజీ పెట్టింది. 1872లో జపాన్ సర్కారు అందరికీ చదువు చట్టం తెచ్చింది, 1877లో టోక్యో యూనివర్సిటీ వచ్చింది. మొదట్లో అక్కడ చెప్పింది ఎక్కువగా విదేశీ ప్రొఫెసర్లే, పాఠాలూ విదేశీ భాషల్లోనే. వాళ్ళకి పెద్ద పెద్ద జీతాలు ఇచ్చారు. అదే సమయంలో తమ కుర్రాళ్ళని జర్మనీకి, ఇంగ్లండ్‌కి, ఫ్రాన్స్‌కి పంపారు. వాళ్ళు ఒక్కొక్కరే తిరిగొస్తుంటే విదేశీ ప్రొఫెసర్ల కుర్చీలు ఒక్కొక్కటే వాళ్ళకి ఇచ్చారు. పాఠాలు జపనీస్‌లోకి మారాయి. ఒక తరం గడిచేసరికి పని పూర్తయింది.

మసూద్ సాహెబ్‌ని పట్టేసింది ఇదే. బయటికి పంపడం, తిరిగి రప్పించడం, వచ్చినవాడు తెచ్చిన ఇల్మ్‌ని ఇంటి భాషలో పెట్టడం. ఈ మూడింటిలో ఏది తప్పినా మిగతా రెండూ వృథా. 1923లో జపాన్ విద్యావ్యవస్థ మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పెద్ద పుస్తకం హైదరాబాద్ సర్కారు ప్రెస్‌లోనే అచ్చయింది. తర్వాత ఉర్దూలోకీ వచ్చింది. ప్రయాణంలో రాసుకున్న డైరీ ఆయన పోయాక చాలా ఏళ్ళకి కరాచీలో పుస్తకంగా వెలువడింది. ఒక రాజ్యం విద్యాశాఖ డైరెక్టర్ నెలల తరబడి ఇంకో ఆసియా దేశంలో బడులు తిరిగి పుస్తకం రాయడం ఆ కాలంలో అరుదు. ఈ కాలంలో మాత్రం ఎంతమంది చేస్తున్నారు లెండి.

అయితే జపాన్ నమూనా మనకి తెచ్చేటప్పుడు ఒక చిక్కుంది. దాన్ని దాచిపెట్టి ఆయన్ని పొగడటం సరికాదు. జపాన్‌లో జపనీస్ అందరి ఇంటి భాష. నిజాం రాజ్యంలో ఉర్దూ అట్లా కాదు. జనంలో దాదాపు సగం తెలుగువాళ్ళు, ఆ తర్వాత మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్ళు. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్ళు పదిమందిలో ఒకరు. నల్లగొండ రైతు బిడ్డకి ఇంగ్లీషు ఎంత పరాయిదో ఉర్దూ కూడా ఇంచుమించు అంతే పరాయిది. సొంత భాషలో చదువు అన్న మాట నిజమే. కానీ ఎవరి సొంత భాష? ఆనాటి పెద్దలు ఉర్దూని రాజ్యం మొత్తానికి ఉమ్మడి భాష అనుకున్నారు. ఆ లెక్కకి తెలుగు బిడ్డలు మూల్యం చెల్లించారు. మన తెలుగు ముస్లింలకి ఈ చిక్కు మరీ బాగా తెలుసు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బళ్ళో తెలుగు రాసి, ఉద్యోగానికి ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు మనవాళ్ళే కదా. ఈ వ్యాసం మీరు తెలుగులో చదువుతున్నారంటేనే ఆ కథ సగం చెప్పినట్టు.

అలాగని ఆ ప్రయత్నం వృథా పోయిందనలేం. ఉర్దూలో చదివిన కుర్రాళ్ళు ప్రపంచంలో నిలబడగలరా అన్న ప్రశ్నకి ఉస్మానియా తొలి తరాలే జవాబిచ్చాయి. రజీయుద్దీన్ సిద్దీఖీ ఉస్మానియాలో ఉర్దూలో లెక్కలు చదివి కేంబ్రిడ్జి వెళ్ళారు, జర్మనీలో లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేశారు, తిరిగొచ్చి ఉస్మానియాలోనే పాఠం చెప్పారు. సాపేక్ష సిద్ధాంతం మీద ఉర్దూలో పుస్తకం రాశారు. ముహమ్మద్ హమీదుల్లా జర్మనీలో బాన్ నుంచి ఒక డాక్టరేట్, పారిస్ నుంచి ఇంకొకటి తెచ్చుకుని ఉస్మానియాకే వచ్చారు. మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ లండన్‌లో చదివొచ్చి దక్కనీ సాహిత్యాన్ని వెలికితీశారు. వెళ్ళారు, వచ్చారు, తెచ్చింది ఇంటి భాషలో పెట్టారు. జపాన్ పద్ధతి అంటే ఇదే. మసూద్ ఒక్కరి వల్లే ఇదంతా జరిగిందని కాదు. హైదరీ సాహెబ్ ఉన్నారు, అబ్దుల్ హఖ్ సాహెబ్ ఉన్నారు, ఖజానా తెరిచిన నిజాం ఉన్నారు. కానీ రాజ్యం విద్యాశాఖ ఆ పన్నెండేళ్ళూ ఆయన చేతిలో ఉంది. ఆడపిల్లల కోసం ఉస్మానియా మహిళా కాలేజీ 1924లో మొదలైందీ ఆయన హయాంలోనే.

1928లో ఆయన హైదరాబాద్ వదిలారు. మరుసటి సంవత్సరం అలీగఢ్ పిలిచింది. దాదా పెట్టిన సంస్థ అప్పటికి గొడవలతో కుంగిపోయి ఉంది. వైస్ చాన్స్‌లర్‌గా మసూద్ నిధులు తెచ్చారు, సైన్స్ శాఖలు బలపరిచారు. బయటి నుంచి మంచి పంతుళ్ళ కోసం వెతికారు. పారిస్‌లో దొరికిన ఒక ఇరవై మూడేళ్ళ కుర్రాడికి మొదట ఫ్రెంచి నాగరికత చెప్పే కుర్చీ ఇస్తామని, తర్వాత అది కుదరక లెక్కల కుర్చీ ఇచ్చి తీసుకొచ్చారు. ఆ కుర్రాడే ఆండ్రే వెయ్. ఇరవయ్యో శతాబ్దపు మహా గణిత శాస్త్రజ్ఞుల్లో ఒకడయ్యాడు. యూనివర్సిటీ రాజకీయాల్లో చిక్కి రెండేళ్ళు దాటగానే ఆ కొలువు పోగొట్టుకున్నాడు, అది వేరే సంగతి. మసూద్‌కి కూడా ఆ రాజకీయాలే చుట్టుకున్నాయి. 1933లో సర్ బిరుదు వచ్చింది, 1934లో రాజీనామా ఇచ్చి బయటికొచ్చారు.

దానికి కొన్ని నెలల ముందే ఇంకో పొరుగు దేశం నుంచి పిలుపొచ్చింది. అఫ్ఘానిస్తాన్ బాద్షా నాదిర్ షా తన దేశంలో చదువుని నిలబెట్టాలనుకున్నారు. కాబూల్‌లో అప్పుడే మెడికల్ కాలేజీ మొదలైంది. సలహా చెప్పమని ముగ్గురిని పిలిచారు: అల్లామా ఇఖ్బాల్, మౌలానా సయ్యద్ సులేమాన్ నద్వీ, రాస్ మసూద్. 1933 అక్టోబరులో ముగ్గురూ పెషావర్ మీదుగా కాబూల్ వెళ్ళారు. ఒక కవి, ఒక ఆలిమ్, ఒక విద్యాశాఖ మనిషి. ఈ కూర్పు చూస్తే ఆ బాద్షా తెలివి అర్థమవుతుంది. తిరుగుదారిలో గజ్నీ, కందహార్ చూసుకుంటూ వచ్చారు. ఇఖ్బాల్ ఆ ప్రయాణం మీద ఫార్సీలో ముసాఫిర్ కావ్యం రాశారు, నద్వీ సాహెబ్ సఫర్‌నామా రాశారు. వీళ్ళు తిరిగొచ్చిన కొద్ది రోజులకే, నవంబరు 8న, విద్యార్థులకి బహుమతులిచ్చే సభలో నాదిర్ షాని ఒక విద్యార్థే కాల్చి చంపాడు. ఏ పిల్లల చదువు కోసం ముగ్గురిని రప్పించుకున్నారో ఆ పిల్లల మధ్యే పోయారు. కాబూల్ యూనివర్సిటీ మాత్రం నిలిచింది, పెరిగింది. 2022 డిసెంబరు నుంచి దాని తలుపులు ఆడపిల్లలకి మూసేశారు. తార్నాకా వైపు కనపడే అఫ్ఘాన్ విద్యార్థుల్లో ఎవరినైనా వాళ్ళ చెల్లెళ్ళ గురించి అడగాలంటే నోరు రాదు.

మసూద్ చివరి మజిలీ భోపాల్. నవాబ్ హమీదుల్లా ఖాన్ కొలువులో విద్యామంత్రి అయ్యారు. జబ్బుపడ్డ ఇఖ్బాల్‌ని చికిత్సకి భోపాల్ రప్పించి తన రియాజ్ మంజిల్‌లో ఉంచుకున్నారు. ఆయన ఇల్లెప్పుడూ మెహమాన్లతో నిండి ఉండేది. చేతికి ఎముక లేని మనిషి. సొంత సంసారం మాత్రం ఒడిదుడుకులతోనే సాగింది. మొదటి పెళ్ళి నిలవలేదు. ఇద్దరు కొడుకులు ఇంగ్లండ్‌లో, తండ్రికి దూరంగా, ఫార్‌స్టర్ కనిపెట్టుకుని ఉండగా పెరిగారు. తానూ పదిహేడేళ్ళకి అట్లాగే వెళ్ళినవాడే. విదేశాల్లో పిల్లలున్న మన ఇళ్ళల్లో ఆ వెలితి ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు.

1937 జూలై 30న భోపాల్‌లో కన్నుమూశారు. వయసు 48. జనాజా అలీగఢ్ చేరింది. యూనివర్సిటీ జామా మసీదు ఆవరణలో దాదా, అబ్బా పక్కనే ఖననం చేశారు. అప్పటికే తన ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్న ఇఖ్బాల్ ఆయన మీద మర్సియా రాశారు. మరుసటి ఏడాది ఇఖ్బాల్ కూడా లేరు. మౌల్వీ అబ్దుల్ హఖ్ తన ఉర్దూ పత్రికకి మసూద్ సంచిక వేస్తే, దానికి ఫార్‌స్టర్ ఇంగ్లండ్ నుంచి రాసి పంపారు. ఒకప్పుడు లాటిన్ చెప్పిన ఆ మాస్టారు, ఈ శిష్యుడే లేకపోతే తాను హిందుస్తాన్‌కి వచ్చేవాడినీ కాదు, దాని గురించి రాసేవాడినీ కాదని అందులో చెప్పుకున్నారు.

ఆయన పోయేనాటికి అడిక్‌మెట్ బండల మీద ఉస్మానియా కొత్త క్యాంపస్ లేస్తూ ఉంది. 1934లో పునాదిరాయి పడింది. దాని నమూనా కోసం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లు దేశదేశాల యూనివర్సిటీలు తిరిగొచ్చారు. ఆర్ట్స్ కాలేజీ 1939 డిసెంబరు 4న తెరిచారు. దానికి ఏడాది ముందు, వందేమాతరం పాడారని హాస్టళ్ళ నుంచి తీసేసిన ఉస్మానియా విద్యార్థులు నాగపూర్ వెళ్ళి చదువు పూర్తి చేసుకున్నారు. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మీడియం పోయి ఇంగ్లీషు వచ్చింది. దారుత్తర్జుమా మూతపడింది. మళ్ళీ ఉర్దూలో పైచదువు కావాలనుకునేవాళ్ళకి 1998లో గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ యూనివర్సిటీ వచ్చింది. మసూద్ జపాన్ మీద రాసిన పుస్తకం ఇప్పుడు పాత లైబ్రరీల్లో వెతికితే దొరుకుతుంది. ఇఫ్లూలో మాత్రం ఈ రోజుకీ జపనీస్ నేర్పుతున్నారు. తార్నాకా బస్టాపులో దిగి, నోటుపుస్తకంలో ఆ అక్షరాలు దిద్దుకుంటూ వెళ్ళే పిల్లలు మీకు ఎప్పుడైనా కనపడతారు.